దిష్టి ఆకు

పోయిన వారం సరళకుమారిని ఎండలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఏడు రోజులుగా ఆవిడ అదే కుర్చీ చేతిని పట్టుకుని కూర్చుని ఉంది.

కొత్తగా వచ్చి చేరినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. సరళకుమారిది కృష్ణా జిల్లా పెడన. ముప్పై ఏళ్ళకు పైగా ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరయింది. ఆవిడ భర్త సిలాసు పెడనలో కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కేవాడు. ఆయన పోయి ఏడేళ్ళయింది. కొడుకు లెవి అంతకంటే ముందే, ఇరవై ఏళ్ళ కిందట, సునామీ వచ్చిన ఆదివారం నాడు మంగినపూడి సముద్రం ఒడ్డున పోయాడు. ఆనాటి నుంచి చెక్కిన కొయ్య ముక్క ఏదీ ఆవిడ ఇంట్లో ఉండనివ్వలేదు. మిగిలిన ఒక్క కూతురు జెనీఫర్ ఉండేది నోయిడాలో. అక్కడి అపార్ట్‌మెంట్ల తెలుగు సంఘంవాళ్ళు ఇంటికో అచ్చు చొప్పున నాలుగడుగుల చెక్కల మీద బొమ్మలు చెక్కి, రోడ్డు రోలరుతో గుడ్డ మీద అద్దే పండగ పెట్టారు. ఆవిడ రానంటే రానంది. జెనీఫర్ పదిహేను రోజులు పోరి పోరి తీసుకొచ్చింది. నాలుగో అచ్చు మీద నుంచి రోలరు వెళ్ళింది, గుడ్డ పైకి లేచింది, సరళకుమారి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. అక్కడ ఆగాం.

సొసైటీ వెనకాల రోడ్డంతా కార్లు తీయించేసి శుభ్రంగా ఊడ్చి ఉంచారు. ఫిబ్రవరి ఆదివారం, పదకొండు గంటల వేళ, ఎండ ఒంటికి హాయిగా ఉంది. అచ్చుకి నల్ల సిరా పట్టించి, దాని మీద తెల్ల గుడ్డ పరిచి, గుడ్డ మీద కంబళి, కంబళి మీద ప్లైవుడ్ పెడితే, ఎక్కడో ఫ్లైఓవరు పని దగ్గర నుంచి బతిమాలి తెచ్చుకున్న రోడ్డు రోలరు దాని మీద నుంచి నెమ్మదిగా పోతుంది. తరవాత నలుగురు నాలుగు మూలలా పట్టుకుని గుడ్డ లేపుతారు. జనం చప్పట్లు కొడతారు. ఇంతే ఆట.

మొదటి అచ్చు సంఘం అధ్యక్షుడు రామమోహనరావుగారిది. రాజమండ్రి మనిషి, కోరికకి తగ్గ ఓపిక లేనివాడు. అచ్చులో అక్షరాలు తిరగేసి చెక్కాలని ఎంతమంది చెప్పినా వినకుండా సంఘం పేరు తిన్నగా చెక్కుకొచ్చాడు. అది కాస్తా గుడ్డ మీద తిరగబడి పడింది. "ఏవుందండీ, అద్దంలో చూసుకుంటే సరిపోద్ది," అని నవ్వేసి మైకు పట్టుకున్నాడు. పట్టుకున్న మైకు మళ్ళీ వదల్లేదు.

ఇక నాలుగో గుడ్డ. దాన్ని లేపగానే జనం ముందు చప్పట్లు కూడా మర్చిపోయారు. మధ్యలో కాలవ. కాలవలో నడుముల్లోతు నీళ్ళలో నిలబడి పొడుగాటి గుడ్డలు జాడిస్తున్న మనుషులు. చుట్టూ నాలుగు వైపులా తీగ, తీగ నిండా ఆకులు, ప్రతి ఆకుకీ ఈనెలు వెంట్రుకల్లా సన్నగా తీర్చి ఉన్నాయి. ఏ పనితనమో తెలియనివాళ్ళు కూడా ఫోన్లు తీసి ఫోటోలు తీసుకుంటున్నారు.

సరళకుమారి చూసింది కాలవనీ కాదు, మనుషులనీ కాదు. కుడివైపు తీగలో, కింద నుంచి మూడో ఆకు. ఆ ఒక్క ఆకుకే ఈనెలు లేవు. నిండా నల్లగా పడింది. ఆ నలుపు మధ్యలో ఆవగింజంత తెల్ల చుక్క ఉంది.

అది ఆవిడ మొగుడి దిష్టి ఆకు.

సిలాసు ఏ అచ్చు చెక్కినా ఒక ఆకు చెక్కకుండా వదిలేసేవాడు. పసిపిల్ల బుగ్గన చుక్క పెట్టినట్టు, ఇంత పనికి ఒక చుక్క ఉండాలనేవాడు. వదిలేసిన ఆకు మధ్యలో దబ్బనంతో ఒక్క పోటు పొడిచేవాడు, గాలి పోవడానికి. పెడనలో తోటి పనివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. "చర్చికి పోయేవాడివి, నీకు దిష్టేంట్రా సిలాసూ?" అంటే, "దిష్టి నాక్కాదు బావా, చెక్కకి," అనేవాడు. పెడన మొత్తంలో ఈ అలవాటు ఇంకెవరికీ లేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు కూడా ఒక్కడే. వాడు లెవి.

పాత అచ్చేమోనని ఆవిడ మనసు ఒక్క క్షణం ఆశపడింది. ఎక్కడో సంతలో ఎవరో కొని ఉంటారు, అనుకుంది. కానీ సిలాసు అచ్చులు అరచేతిలో పట్టేవి. ఇది నాలుగడుగుల చెక్క. అందులోనూ ఫర్నిచరు షాపుల్లో దొరికే కొత్త రకం చెక్క, అంచుల్లో ఇంకా పొట్టు రాలుతోంది. ఏడేళ్ళ కిందట చనిపోయిన మనిషి చెక్కింది కాదు. అరవై మూడేళ్ళ వయసులో, వేలమంది రోగుల్ని చూసిన మనిషి, తన నాడి తనే పట్టుకుని చూసుకుంది.

"అరె, ఇక్కడో చిన్న మిస్టేక్ ఉందండీ," అని మైకులో వినపడింది. రామమోహనరావు అచ్చు పక్కన వంగి నిలబడ్డాడు. "ఒక ఆకు చెక్కడం మర్చిపోయారు పాపం. ఏం పర్లేదు. రెండో గుడ్డ అద్దే లోపల సరిచేసేద్దాం. ఉలి ఇలా ఇవ్వండమ్మా ఎవరైనా."

ఎవరో ఉలి అందించారు. ఆయన మోకాళ్ళు ముడిచి కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, ఉలి మొనని ఆ ఆకు మీద ఆనించాడు.

"ఆగండి!"

ఆ అరుపు తనదేనని సరళకుమారికి తరవాత తెలిసింది. కుర్చీ వెనక్కి పడిపోయింది. ఆవిడ సిరా గుడ్డలు, రోలరు దారి చూసుకోకుండా దూసుకొచ్చి రామమోహనరావు మణికట్టు పట్టుకుంది. "ఆ ఆకు ముట్టుకోకండి. అది తప్పు కాదు. కావాలని వదిలేసింది."

"అదేంటండీ సిస్టరు గారూ? కావాలని ఎవరు వదిలేస్తారండీ?"

జవాబు చెప్పబోయి ఆవిడ అచ్చు వైపు చూసింది. చూసిన చూపు అక్కడే ఉండిపోయింది. గుడ్డ మీద చూసినప్పుడు తెలియనిది, చెక్క మీద చూడగానే తెలిసింది. గుడ్డ మీద కాలవ ఎడమ నుంచి కుడికి పారుతోంది. చెక్క మీద కుడి నుంచి ఎడమకి పారుతోంది. జాడించే మనుషుల్లో ముందు నిలబడ్డవాడు తల పక్కకి తిప్పి ఇటే చూస్తున్నాడు. ఆవిడ ఈ బొమ్మని ఇలాగే, ఈ వైపు నుంచే, ఒక్కసారి చూసింది. అది కాలుతూ ఉండగా చూసింది.

ఇరవై ఏళ్ళ కిందటి క్రిస్మస్ అది. సరళకుమారి సెలవు పెట్టి ఢిల్లీ నుంచి పెడన వెళ్ళింది. లెవికి అప్పుడు ఇరవై రెండు. నర్సింగు కోర్సు మధ్యలో వదిలేసి వచ్చి తండ్రి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఆరు నెలలుగా పాత టేకు తలుపు రెక్క మీద ఒక పెద్ద అచ్చు చెక్కుతున్నాడట. కొత్త సంవత్సరం నాడు మొదటి అద్దకం వేయాలని ఇద్దరూ మురిసిపోతున్నారు. "నీ బతుకు కూడా పొట్టు ఊడ్చుకోవడమేనా?" అంది ఆవిడ. "అవునమ్మా," అన్నాడు వాడు, నవ్వుతూ. ఆ నవ్వుకే ఒళ్ళు మండింది. చర్చి నుంచి వచ్చిన చుట్టాలందరి ఎదుట తలుపు రెక్కని ఈడ్చుకొచ్చి వంట పొయ్యిలో పెట్టింది. టేకు కదా, బాగా మండింది. ఆ మంట మీదే క్రిస్మస్ బిర్యానీ ఉడికింది. సిలాసు తినలేదు. లెవి మాత్రం తిన్నాడు, చేతులు కడుక్కున్నాడు, ఒక్క మాట అనలేదు. మర్నాడు తెల్లవారి, సముద్రం చూసొస్తానని మంగినపూడి వెళ్ళాడు.

మూడో రోజుకి ఒక శవం దొరికింది. ముఖం గుర్తుపట్టేలా లేదు. ఒంటి మీద లెవి క్రిస్మస్ చొక్కా ఉంది. సిలాసే చూసి, అవునని తల ఊపాడు.

ఆ అచ్చుతో ఒక్క గుడ్డయినా అద్దలేదు. మళ్ళీ చూస్తే గుర్తుపట్టేంతగా దాన్ని చూసినవాళ్ళు ముగ్గురే. ఒకరు పోయారు, ఒకరు ఇక్కడ నిలబడ్డారు. "ఇది ఎవరు చెక్కారు?" అంది. ఆవిడ అడిగింది మెల్లగానే, కానీ చుట్టూ ఉన్నవాళ్ళు అప్పటికే మాటలు ఆపేసి చూస్తున్నారు.

అచ్చుకి అవతల, మోచేతుల దాకా సిరా పూసుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. పద్దెనిమిదేళ్ళుంటాయి. ఎర్ర స్వెట్టరు, బిగించి కట్టిన జడ. అంతసేపూ ఆ పిల్ల అచ్చుని చూడలేదు, గుడ్డనీ చూడలేదు. సరళకుమారినే చూస్తోంది.

"నేను, ఆంటీ. శరణ్య," అంది. తెలుగు పలకడానికి కూడబలుక్కుంటోంది. "చెక్కింది నేను. బొమ్మ మాత్రం పాపాది. పాపా చెప్తూ ఉంటే నేను గీశాను."

"మీ నాన్న ఎవరు?"

"పిల్‌ఖువాలో అచ్చులు చెక్కుతారు. సబ్ లోగ్ మాస్టర్‌జీ అంటారు." ఆ పిల్ల అచ్చు చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. "పేరు లెవి."

రామమోహనరావు చేతిలో మైకు కీచుమంది. ఆయన తడబడి దాన్ని ఆపేశాడు. జీవితంలో మొదటిసారి తనంతట తను మైకు ఆపాడని తరవాత సొసైటీలో చెప్పుకున్నారు. ఆయనే రోలరు డ్రైవరుకి చెయ్యి అడ్డం పెట్టి, అందరినీ టీ తాగడానికి అటు తోలుకుపోయాడు. మనిషి మంచివాడే.

సరళకుమారి అచ్చు పక్కనే నేల మీద కూలబడింది. చీర కుచ్చిళ్ళకి సిరా అంటుకుంది. పిల్‌ఖువా! గాజియాబాద్ దాటి కాస్త ముందుకు పోతే వచ్చే ఊరు. అక్కడి దుప్పట్లు మంగళవారం సంతలో బేరమాడి కొని, రాత్రి కూడా అవే కప్పుకుని పడుకుంది. "ఎంత దూరం ఇక్కడికి?" అని అడిగింది, తెలియనట్టు.

"ట్రాఫిక్ లేకపోతే గంటన్నర, దాదీ."

దాదీ అంది ఆ పిల్ల. అంతదాకా ఆంటీ అన్నది ఇప్పుడు నాయనమ్మ వరస కలిపేసింది. సరళకుమారి ఆ ముఖంలోకి చూసింది. పై పెదవి మీద ఆ చిన్న నొక్కు సిలాసుది. ఎంత వద్దనుకున్నా అది సిలాసుదే.

"అబద్ధం," అంది. "మా అబ్బాయి శవాన్ని వాళ్ళ నాన్నే చూశాడు. మేం పూడ్చిపెట్టాం. రాయి మీద పేరు చెక్కించాం. ఏటా వెళ్ళి పూలు పెట్టి వస్తాను. అయితే అందులో ఉన్నది ఎవరు?"

"అది పాపానే చెప్పాలి. నాకు కూడా పూరా తెలీదు." శరణ్య ఆవిడ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. "దాదాజీకి తెలుసు."

"ఏ దాదాజీ?"

"మీ... సిలాసు దాదాజీ. ఏటా వచ్చేవారు కదా. నేను చిన్నప్పటి నుంచి చూశాను. మూడు రోజులు ఉండేవారు. ఉలి పట్టుకోవడం మొదట ఆయనే నేర్పించారు. పెద్ద స్టీల్ డబ్బా నిండా జంతికలు తెచ్చేవారు. నువ్వులు వేసినవి. పాపా ఒక్కటి కూడా కింద పడనిచ్చేవారు కాదు."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సరళకుమారికి ఇప్పుడు ఒక్కొక్కటీ కళ్ళ ముందుకొస్తోంది. కొడుకు పోయాక సిలాసు పెడన వదిలేసి ఢిల్లీ వచ్చి ఆవిడ దగ్గరే ఉన్నాడు. ఆవిడకి తెలిసి ఉలి మళ్ళీ పట్టలేదు. ఏటా నవంబరులో మాత్రం మీరట్లో ప్రార్థన కూడికలని చెప్పి మూడు రోజులు వెళ్ళొచ్చేవాడు. "దారిలో తినడానికి జంతికలు చెయ్యవే," అనేవాడు. ఒక ఏడాది చిన్న డబ్బా చాలదన్నాడు. ఆ పై ఏడాది అదీ చాలదన్నాడు. "ఒక్కడివి, అన్ని ఏం చేసుకుంటావయ్యా?" అంటే, "కూడికలో అందరూ అడుగుతారు," అన్నాడు. నిజమే కాబోలని పన్నెండేళ్ళు పిండి కలిపింది. చివరి రోజుల్లో, పళ్ళన్నీ ఊడిపోయి గంజి తప్ప ఏదీ దిగని మనిషి, మంచం మీద నుంచి జంతికలు చెయ్యమని అడిగాడు. మతి చలించింది, అనుకుంది ఆవిడ. ముప్పై ఏళ్ళ నర్సు అనుభవం ఆ మాత్రమే అర్థం చేసుకుంది.

కోపం వచ్చింది. పోయిన మనిషి మీద వచ్చే కోపానికి తగలడానికి చోటుండదు కదా. అది వెతుక్కుంటూ తిరిగి జెనీఫర్ మీద ఆగింది.

జెనీఫర్ నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. తల్లి కింద కూలబడితే పరిగెత్తుకు రావలసిన కూతురు. నీళ్ళు తేలేదు, "ఏమైందమ్మా?" అని అడగలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడింది. నోట్లో నుంచి మాట రాకముందే సరళకుమారికి సంగతి తెలిసిపోయింది.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఆర్నెల్లయిందమ్మా." జెనీఫర్ ఒక అడుగు ముందుకేసింది. "ఈ పిల్ల లక్ష్మీ నగర్లో పీజీలో ఉంటుంది. కోచింగ్‌కి వచ్చింది. నా పేరు వెతుక్కుని నేను పనిచేసే హాస్పిటల్‌కి వచ్చింది. లెవి అన్నయ్య కూతుర్నంటే నేనూ నమ్మలేదు. తర్వాత పిల్‌ఖువా వెళ్ళి చూసొచ్చాను."

"చూసొచ్చావా! ఆర్నెల్లు! ఆర్నెల్లు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు. మొన్న డిసెంబరులో సమాధికి పూలు పెట్టడానికి వెళ్దామంటే టికెట్లు నువ్వే కదే తీశావు? నా పక్కన నిలబడి ఏడ్చావు కూడా!"

"నీ కోసం ఏడ్చానమ్మా," అంది జెనీఫర్. "చెప్పేస్తానని అన్నయ్య కాళ్ళా వేళ్ళా పడ్డాను. నువ్వు చెప్తే నేను ఈ ఊరు కూడా వదిలేస్తానన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. అచ్చు అమ్మ కళ్ళ ముందు పెట్టండి, ఎవరూ ఏమీ చెప్పొద్దు, అమ్మ దాన్ని చూడాలి, అన్నాడు. అందుకే మన ఇంటి అచ్చుగా దీన్ని సంఘంలో నేనే రాయించాను. నిన్ను ఇక్కడికి తీసుకురావడానికి పదిహేను రోజులు ఎందుకు పోరాననుకుంటున్నావు?"

శరణ్య అందుకుంది. "పాపా నాతో అన్నారు. ఆ ఆకు చూసి ఎవరూ ఏమీ అనకపోతే చుప్‌చాప్ ఇంటికి వచ్చెయ్. ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే, తబ్ ఫోన్ కర్నా." ఆ పిల్ల సిరా చేతుల్ని స్వెట్టరుకి తుడుచుకుని జేబులోంచి ఫోను తీసింది. "చెయ్యనా, దాదీ?"

ఆ పిల్ల నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. రెండో రింగుకే అవతల ఎత్తారు. ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్న మనిషి ఎత్తినట్టు ఎత్తారు.

"పాపా," అంది శరణ్య. "పహచాన్ లియా. గుర్తుపట్టారు. ఉలి పెట్టబోతే ఆపేశారు. చెయ్యి పట్టుకుని ఆపేశారు."

దూరంగా ఎక్కడో సుత్తి కొయ్య మీద పడుతున్న చప్పుడు ఫోన్లోంచి వినపడింది. తరవాత ఆ చప్పుడు కూడా ఆగిపోయింది.

"అమ్మా."

సిలాసు గొంతే. అదే బొంగురు, మాటకి ముందు అదే చిన్న ఎగఊపిరి. ఇరవై రెండేళ్ళ కుర్రాడి గొంతు కోసం ఎదురు చూస్తున్న సరళకుమారికి, చనిపోయిన మొగుడు పిలిచినట్టయింది.

"అమ్మా, పొయ్యి ఆరిందా?"

అంతే అడిగాడు. వెటకారమా, బాధా, క్షమించానని చెప్పడమా, ఆ గొంతులో ఆవిడకి ఏదీ దొరకలేదు. ఇరవై ఏళ్ళుగా దాచిపెట్టుకున్న మాట అయి ఉంటుంది. ఎన్నిసార్లు నోట్లో తిప్పుకున్నాడో, అరిగి నున్నగా వచ్చింది. సరళకుమారి చెయ్యి చాపి ఫోను అందుకుంది. ఎర్ర గుర్తు మీద వేలు పెట్టి కాల్ కట్ చేసేసింది.

"అమ్మా!" అని జెనీఫర్ కేక పెట్టింది. "ఏంటమ్మా నువ్వు? ఇన్నేళ్ళకి మాట్లాడితే..."

"ఇన్నేళ్ళకి అడిగిన మాటకి ఫోన్లో జవాబు చెప్పమంటావా?" సరళకుమారి అచ్చు అంచు మీద చెయ్యి ఆనించి పైకి లేచింది. ఇరవై ఏళ్ళలో చెక్కిన కొయ్యని ముట్టుకోవడం అదే మొదటిసారి. అరచేయి నిండా నల్ల సిరా అంటింది. "కారు తియ్యి. ఒసే పిల్లా, దారి చూపించు. మీ ఇంటికి పోదాం."

శరణ్య కదల్లేదు. జెనీఫర్ కూడా కదల్లేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇంకా ఏం దాచారే నా దగ్గర?" అంది సరళకుమారి.

"దాదీ..." ఆ పిల్ల తల దించుకుంది. "మా అమ్మకి ఏమీ తెలీదు. మీరు... మీరు లేరని పాపా పెళ్ళికి ముందే చెప్పారట. నాకు కూడా పోయిన ఏడాదే చెప్పారు, మీరు ఉన్నారని. మా ఇంట్లో గోడ మీద మీ ఫోటో ఉంది. దానికి దండ ఉంది. అమ్మ రోజూ పొద్దున్నే పూలు మారుస్తుంది."

సరళకుమారికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చూస్తున్నవాళ్ళకి తెలియలేదు. ఆవిడకీ తెలియలేదు. ఇక్కడ ఈవిడ కొడుకు సమాధికి పూలు పెడుతుంటే, అక్కడ కోడలు ఈవిడ ఫోటోకి పూలు మారుస్తోంది. "అంటే, దండేసిన నా ఫోటో కింద కూర్చుని, నేను చేసిన జంతికలు తిన్నాడా ఆ పెద్దమనిషి!" అంది. "ఎవరు చేశారని అడిగితే ఏం చెప్పేవాడు?"

"ఊళ్ళో వదినగారు చేశారని చెప్పేవారు."

"ఆయనకి వదినలెవరూ లేరు," అంది సరళకుమారి. ఇంత జరుగుతుంటే ఆవిడకి ఆ మాటే ఎందుకు ముఖ్యమనిపించిందో మరి. ఆ వెంటనే, "ఏ ఫోటో అది?" అని అడిగింది.

"నర్సు డ్రెస్సులో. తల మీద తెల్ల టోపీ. మీరు చాలా చిన్నగా ఉంటారు. మూల ఒకటి కొంచెం చిరిగి ఉంటుంది."

ఆవిడ ట్రైనింగు పాసైన రోజు బందరు స్టూడియోలో దిగిన ఫోటో అది. పెడన ఇంట్లో, ముందు గది గోడకి ఉండేది. లెవి పోయిన వారం, దుఃఖం మధ్యలో ఎప్పుడో తలెత్తి చూస్తే గోడ మీద చట్రం ఒక్కటే ఉంది, లోపల ఫోటో లేదు. చావింటికి వచ్చిన జనంలో ఎవరు తీశారో అనుకుంది. ఎవరెందుకు తీస్తారని కూడా అనుకుంది. ఆ ఖాళీ చట్రం సంగతి ఇరవై ఏళ్ళుగా అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. ఆ ఆదివారం తెల్లవారుజామున, తన అచ్చుని కాల్చిన తల్లి మీద ఒక్క మాట కూడా అనకుండా ఇల్లు వదిలి పోతున్నవాడు, చట్రం విప్పి ఆ తల్లి ఫోటో తీసుకుని పోయాడు.

అప్పుడు ఏడ్చింది సరళకుమారి. అందరూ చూస్తుండగా, సిరా చేతులతో ముఖం కప్పుకుని, వార్డులో ఎంత చావు చూసినా ఏడవని మనిషి, గొంతెత్తి ఏడ్చింది. జెనీఫర్ వచ్చి పట్టుకోబోతే విదిలించుకుంది. ఏడవడం అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుంది. సిరా ఇంకా ఎక్కువైంది.

"కారు తియ్యమన్నానా?" అంది. "పద. నా దండ నేనే తీసేసుకుంటాను."

జెనీఫర్ తాళాలు వెతుక్కుంటోంది. శరణ్య అచ్చు మీద గుడ్డ కప్పడానికి వంగింది. ఇంతలో సరళకుమారి చేతిలో ఉన్న ఫోను మోగింది. ఆ పిల్ల తలెత్తి, గబగబా వచ్చి తెర వంక చూసింది.

"పాపా కాదు, దాదీ."

"మరి ఎవరు?"

"అమ్మ. పాపా స్పీకరు పెట్టుకుని ఉంటారు. వినేసి ఉంటుంది." శరణ్య మళ్ళీ తెర మీదికి వంగి చూసింది. "వీడియో కాల్ చేస్తోంది."

ఫోను మోగుతూనే ఉంది. సరళకుమారి నల్లటి చేత్తో నుదుటి మీద జుట్టు వెనక్కి నెట్టుకుంది. ఫోటోకి దిగబోయే మనిషిలా మెడ నిటారు చేసి, పచ్చ గుర్తు మీద వేలు పెట్టింది.